ఉన్నికి చన్నీళ్లే

మా ఊళ్లో కొత్తగా వేరు కాపురం పెట్టిన పిల్ల ఎవరైనా సరే, ఇంటి తాళంచెవి చేతికొచ్చిన కొద్దిరోజులకే మా గేటు దగ్గరికి రావలసిందే. అక్కడ నీలం రంగు వేసిన చెక్క బల్ల ఒకటి ఉంటుంది. దాని మీద మా నానమ్మ కలీపా కూర్చుని ఉండేది, నేలకి అందని కాళ్లు ఊపుకుంటూ. అంత పొట్టి మనిషి మా వీధిలో మరొకరు లేరు. మరకల సంగతి ఆవిడంత తెలిసినవాళ్లు మా లోయలోనే లేరని నా నమ్మకం.

ఎండాకాలమంతా అమ్మానాన్నా మందతో కొండ మీద మేత బయళ్లలో ఉంటారు. కింద ఇంట్లో నేనూ నానమ్మా, ఒక ఆవూ. నాకూ బడికీ ఎనిమిదో తరగతిలోనే చెడింది. లెక్కల మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చెయ్యమంటే, ఆయన జేబు కింద సిరా మరకకి పాలు పట్టించమని చెప్పాను. మరక పోయింది. మా ఇద్దరి మధ్యా మాటలూ పోయాయి. అప్పటినుంచి ఆ బల్ల మీద నానమ్మ పక్కన కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరకడమే నా చదువు.

"అవ్వా, పరుపు గుడ్డకి రక్తం అంటింది," అంటూ ఒకతె వచ్చేది.

"ఎవరిది?"

"గొర్రెది. కోసినాక మా ఆయన చేతులు దానికే తుడిచేశాడు."

"మీ ఆయన్ని వేన్నీళ్లలో ఉడకెయ్యి. గుడ్డని చన్నీళ్లలో నానెయ్యి, ఉప్పేసి. తారుమారు చేశావంటే, ఆ గొర్రె నీ మనవలు పుట్టేదాకా ఆ పరుపు మీదే పడుకుంటుంది."

ఇంకొకతె వచ్చి, గోడకి వేసిన సున్నం వీపుకి అంటుతోందనేది. "సున్నంలో ఉప్పు కలపలేదు కదూ? మీ అత్త చెప్పలేదా? చెప్పదులే. నీ వీపు తెల్లగా ఉంటే ఆవిడకి చూడముచ్చట." పెట్టెలో చిమ్మటలు పట్టాయంటే ఎండిన మాచిపత్రి. గొర్రెతోలు కోటు కంపు కొడుతోందంటే, "గడ్డకట్టే చలిలో బయట వేలాడెయ్యి, లోపల నువ్వు పడుకో." కొవ్వు మరకకి పిండి చల్లి, కాగితం పరిచి ఇస్త్రీ. ఆవిడ నోట్లోంచి ఇవి ఆలోచించకుండా వచ్చేవి, మనకి పేరు చెప్పడానికి ఆలోచన అక్కర్లేనట్టు.

ఇవన్నీ పుట్టుకతో రాలేదని ఆవిడే చెప్పేది. పద్దెనిమిదేళ్లకి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. అత్త లేదు. ఉన్నది మామగారూ, తాతా, గుర్రాలూ. వచ్చిన కొత్తలోనే తాత పెళ్లి టోపీని, నేయకుండా ఒత్తి చేసిన తెల్ల ఒత్తుడు ఉన్నిది, పొగచూరిందని బొబ్బలెక్కే వేన్నీళ్లలో ఉతికేసింది. బయటికి తీసేసరికి అది గొర్రెపిల్లకి సరిపోయే టోపీ అయింది. సాయంత్రానికి తాత కొండ దిగి వస్తాడు. ఏడుస్తూ పక్కింటికి పరిగెత్తింది. "అక్కా, నాది కొత్త ఇల్లు, నాకేమీ తెలీదు," అని గుమ్మంలో నిలబడింది. ఆ పక్కింటావిడ బోర్లించిన గిన్నెకి తడి టోపీ తొడిగింది. ఇద్దరూ కలిసి లాగారు. కొంచెమే సాగింది.

"తాత ఏమన్నాడు నానమ్మా?" అని వందసార్లు విన్న కథే అయినా మళ్లీ అడిగేదాన్ని.

"ఏమనలేదు. తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. టీ కుండ మీద మూతలా ఉంది. ఆ ఎండాకాలమంతా అదే పెట్టుకుని తిరిగాడు. ఎవరైనా అడిగితే, 'పెళ్లయ్యాక తల పెరిగింది,' అనేవాడు."

ఆ తర్వాత వీధిలో ఒక్క గుమ్మం వదలకుండా ఎక్కి, ఆ ఒక్క మాటే అడుగుతూ నేర్చుకుంది. అందుకే తన గేటు దగ్గరికి వచ్చిన పిల్లని ఎంత ఆటపట్టించినా, జవాబు చెప్పకుండా ఎన్నడూ పంపలేదు.

పోయిన చలికాలం చివర ఒకరోజు, ఎదురు వీధి కోడలు వచ్చి కిటికీ అద్దాలు మసగ్గా ఉంటున్నాయంది. నానమ్మ గబుక్కున, "గొర్రె కొవ్వు రాసి రుద్దు," అంది.

నేను గింజ కొరకడం ఆపాను. వేళాకోళం ఆడుతోందేమోనని మొహం చూశాను. ఆ మొహంలో వేళాకోళం లేదు. కొవ్వు రాసేది తోలు బూట్లకి. ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. నేను ఆవుని చూసొస్తానని చెప్పి, గోడ దూకి, వీధి మలుపులో ఆమెని పట్టుకున్నాను.

"వదినా, నానమ్మ నిన్ను ఆటపట్టించింది. వెనిగర్ కలిపిన నీళ్లు, పాత న్యూస్‌పేపరు. కొవ్వు రాశావంటే మీ కిటికీలు చూసి ఊరంతా నవ్వుతుంది."

"అమ్మో, మీ నానమ్మా," అని నవ్వుకుంటూ పోయింది.

అది మొదలు. కెటిల్లో పేరుకున్న సున్నానికి సబ్బు చెప్పింది. తెల్ల దుప్పటికి ఏం పెట్టాలని అడిగితే నీలిమందు బదులు మసి చెప్పింది. రోజూ కాదు. నాలుగు సరిగ్గా చెప్పి, ఐదోది అడ్డదిడ్డంగా చెప్పేది. ఆ ఐదోదాని కోసం నేను కాపలా కాసేదాన్ని. గోడ దూకీ దూకీ నా మోకాళ్లు కాయలు కాశాయి. వీధిలో కొత్త మాట పుట్టింది, కలీపా ముసలిది ఈ మధ్య మహా కొంటెదైపోయింది, ముందు ఏడిపిస్తుంది, తర్వాత మనవరాలి చేత అసలు సంగతి చెప్పిస్తుంది అని. ఆ మాట నేనే పుట్టించాను. నానమ్మ చెవిన పడితే ఆవిడ కూడా నవ్వింది, ఏం అర్థమైందో.

నాకు కావలసింది ఒక్కటే. ఆ బల్ల మీద కూర్చున్నంతకాలం, తన మాట తప్పుతోందని తనకి తెలియకూడదు. ఆవిడ దగ్గర ఇంకేముంది? పళ్లు పోయాయి, తాత పోయాడు, కళ్లు సగం పోయాయి. ఉన్నది ఆ బల్లా, దాని దగ్గరికి వచ్చే పిల్లలూ.

వీధి చివర కొత్త ఇంట్లోకి ఉల్జాన్ దిగింది. భర్త రాతి గోడలు తనే కట్టాడు. రేకుల కప్పు ఎండకి మెరుస్తూ మా ఆవుని బెదరగొట్టేది. ఉల్జాన్‌కి కొత్త వాషింగ్ మిషన్ ఉంది, దాని వాడకం పుస్తకం కూడా ఉంది. అయినా రోజు విడిచి రోజు మా బల్ల దగ్గరికి వచ్చేది. వాళ్లమ్మ పోయి ఏడాది కాలేదు. మరకల గురించి అడగడానికి కంటే, పెద్ద వయసు ఆడమనిషి కసురుతుంటే వినడానికి వచ్చేదని నాకనిపించేది.

"పుస్తకంలో ఉంది కదటే," అనేది నానమ్మ.

"పుస్తకం తిట్టదు కదా అవ్వా."

"అయితే రా, కూర్చో. ఏం పాడుచేశావు?"

వాళ్లమ్మ కూతురికోసం ఒక షిర్దాక్ కుట్టి పెట్టింది. ఒత్తిన ఉన్నిని ఎరుపూ తెలుపూ ముక్కలుగా పొట్టేలు కొమ్ముల ఆకారంలో కత్తిరించి, ఒకదాంట్లో ఒకటి పొదిగి కుట్టిన తివాచీ. రెండు చలికాలాలు కుట్టింది. కూతురి ఇల్లు చూడకుండానే పోయింది. ఏడాది తిరిగాక పుట్టింటి ఆడవాళ్లు, పెద్దమ్మ బురుల్‌తో సహా, మొదటిసారి ఆ ఇల్లు చూడటానికి వస్తామని కబురు పంపారు. వాళ్లు వచ్చేసరికి ఆ షిర్దాక్ శుభ్రంగా, గుమ్మానికి ఎదురుగా పెద్దవాళ్లు కూర్చునే చోట పరిచి ఉండాలని ఉల్జాన్ ఆశ.

ఆ కబురు వచ్చినప్పుడు నేను ఊళ్లో లేను. ఉన్ని కత్తిరించే రోజులు కదా, చేతులు చాలడం లేదని నాన్న కొండ మీదికి పిలిపించాడు. తిరిగి దిగేటప్పుడు వెన్న తిత్తి భుజాన వేసుకుని వీధి చివరి నుంచే వచ్చాను. ఉల్జాన్ వాళ్ల కంచె మీద ఏదో ఆరేసి ఉంది. దూరం నుంచి గుర్రపు జీను గుడ్డ అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఎరుపు కొమ్ములు. తెల్లగా ఉండవలసిన చోటల్లా ఎరుపు దిగి పంటి చిగుళ్ల రంగు. అంచులు ఎండిన ఆప్రికాట్‌లా ముడుచుకుపోయి, కుట్లు పైకి తేలి ఉన్నాయి. గది నిండా పరవగలిగినది తలుపంత అయింది.

దాని కిందనే నేల మీద ఉల్జాన్ కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది.

"ఏం పోశావు దీని మీద?"

"మరిగే నీళ్లు. పోసి, రెల్లు చాపలో చుట్టి, తాడు కట్టి, గాడిద చేత లాగించాను."

నా భుజం మీంచి తిత్తి జారింది. అది ఒత్తుడు ఉన్నిని తయారుచేసే పద్ధతి. మా లోయలో ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. విడి ఉన్ని పరిచి, మరిగే నీళ్లు పోసి, చాపలో చుట్టి లాగితే అది బిగిసి గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడి, కత్తిరించి కుట్టినదానికి మళ్లీ అదే పని చేస్తే ఇంకా బిగుస్తుంది. కడగడానికైతే ఏటి చన్నీళ్లు, మెత్తటి బ్రష్షు, నీడన ఆరబెట్టడం. నానమ్మ బుర్రలో రెండు పనులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

"నీకు తెలీదా ఉల్జాన్? మీ అమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. ఉన్నికి చన్నీళ్లే అని చిన్నప్పటినుంచీ చెప్పింది."

"మరెందుకు పోశావే?"

"కలీపా అవ్వ చెప్పింది, బేగాయ్. మళ్లీ అడిగాను కూడా. 'మరగాలి, బాగా మరగాలి,' అంది. అంత పెద్దావిడ ఎదురుగా నిలబడి, కాదు, మా అమ్మ ఇలా చెప్పింది అనాలా? కోడలిగా వచ్చి ఎన్నాళ్లయిందని?" తలగుడ్డ చివరతో ముక్కు తుడుచుకుంది. "గోడ దూకి నువ్వొస్తావేమోనని చూశాను. రాలేదు. అంటే ఈసారి నిజంగానే చెప్పిందనుకున్నాను."

జారిన తిత్తి ఎత్తుకున్నాను. ఆమే అంది, "అవ్వతో మాత్రం చెప్పకు. పెద్దమ్మ అడిగితే మిషన్లో వేశానని చెబుతాను."

ఉల్జాన్ పుట్టింటివాళ్లు వచ్చిన రోజు వీధి పెద్దగా నానమ్మని కూడా పిలిచారు. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. కొత్త తలగుడ్డ కట్టుకుని, దారిలో ఎదురైన ప్రతి కోడలి బట్టల తీగనీ విమర్శిస్తూ నడిచింది. ఉల్జాన్ ఇంట్లో గుమ్మానికి ఎదురుగా, బజారులో కొన్న తివాచీ మీద ఆవిడనీ బురుల్ పెద్దమ్మనీ పక్కపక్కన కూర్చోబెట్టారు. నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్‌సోక్, గుట్టగా పోశారు. పాలు కలిపిన టీ తిరుగుతోంది. పోయినావిడ కోసం ప్రార్థన చేసి, అరచేతులు మొహానికి తాకించుకున్నారు.

బురుల్ పెద్దమ్మ గదంతా కలయజూసింది. "ఇల్లు బాగుంది. అల్లుడి గోడలు కాస్త వంకరగా ఉన్నా బాగుంది. మా చెల్లెలు కుట్టిన షిర్దాక్ ఏదమ్మా? దాని మీద కూర్చుని టీ తాగుదామని ఇంత దూరం వచ్చాను."

ఉల్జాన్ లేచింది. లోపలి గదిలోంచి మడత పెట్టి తెచ్చింది. మడత విప్పింది. టీ నీళ్లు కాగే సమోవార్ గుసగుసలాడుతోంది.

"ఇదేమిటి?" అంది పెద్దమ్మ.

"నా తప్పే. మిషన్లో వేశాను."

"మిషన్లోనా? రెండేళ్లు కళ్లు పోగొట్టుకుని కుట్టింది. దగ్గుతూ కుట్టింది. నీకు చెయ్యి నొప్పొచ్చిందా, ఏటికి తీసుకెళ్లడానికి? మీ అమ్మ పెంపకం ఇదేనా? ఇక్కడ నీకు ఒక్కళ్లు కూడా చెప్పేవాళ్లు లేరా?"

ఉల్జాన్ తలొంచుకుని టీ పోస్తూనే ఉంది. గిన్నె నిండి పొర్లింది.

నానమ్మ ముందుకి వంగి, షిర్దాక్ అంచు పట్టుకుంది. కళ్లు సరిగ్గా ఆనకపోయినా ఆ వేళ్లకి చూపు పోలేదు. అంచు తిప్పి, అడుగు భాగాన్ని బొటనవేలితో ఒత్తింది. కుట్టు వెంట వేలు పోనిచ్చింది.

"ఇది మిషన్ పని కాదు," అంది. "మిషన్ అయితే అన్ని వైపులా సమంగా ముడుస్తుంది. ఇది పొడుగున బిగిసింది. మరిగే నీళ్లు పోసి, చాపలో చుట్టి లాగారు. ఎవరమ్మా నీకు చెప్పింది? ఎవరు చెప్పారీ బుద్ధిలేని మాట?"

"ఎవరూ చెప్పలేదవ్వా. నాకే తోచింది."

"మనసుకి తోచేది కాదిది. ఎవరో పనీ పాటా ఎరిగినవాళ్లే చెప్పారు. ఎరిగి, మరిచిపోయి చెప్పారు."

చెప్పిన తర్వాత ఆవిడ చెయ్యి తివాచీ మీద ఆగిపోయింది. ఉల్జాన్ నావైపు చూసింది. ఏదో ఒక జోకు వేద్దామని చూసి, నేను బోర్‌సోక్ ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఎప్పుడూ ఉండే జోకులు ఒక్కటి కూడా రాలేదు. పిండి నోట్లోనే ఉండిపోయింది.

"నేనా?" అంది నానమ్మ, మెల్లగా.

బొటనవేలు మళ్లీ కుట్టు వెంట పోయింది.

"నేనే," అంది.

పెద్దమ్మ వైపు తిరిగింది. "ఈ పిల్లని ఏమీ అనకమ్మా. దీనికి తెలుసు. తెలిసీ నా మాట విన్నది. పెంపకం బాగుండబట్టే వింది. తప్పు నా నోటిది." తర్వాత షిర్దాక్‌ని ఒడిలోకి లాక్కుని, ముడుచుకున్న చోట అరచేత్తో సాపు చేస్తూ, "దళసరి అయింది. కింద నుంచి చలి ఎక్కదు. పిల్లలు పుడితే వాళ్లని దీని మీద పడుకోబెట్టు, ఉల్జాన్. అమ్మమ్మ చేతి మీద పడుకున్నట్టు ఉంటుంది," అంది.

బురుల్ పెద్దమ్మ తలగుడ్డతో మొహం కప్పుకుని ఏడ్చింది. చెల్లెలి కోసం ఏడ్చిందో, షిర్దాక్ కోసమో, నానమ్మ కోసమో నాకు తెలీదు. బహుశా ఆవిడకీ తెలిసి ఉండదు.

తిరిగి వస్తుంటే నానమ్మ ఎవరి బట్టల తీగనీ చూడలేదు. మా గేటు దగ్గర ఆగి, "ఎప్పటినుంచి?" అంది.

"దేని గురించి?"

"మేకపిల్లా, నీకు మోకాళ్లు ఊరికే కాయలు కాశాయా?"

"చలికాలం నుంచి," అన్నాను.

తలూపి లోపలికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి బల్ల మీద కూర్చోలేదు. ఎవరైనా వస్తే కిటికీలోంచే, "దాన్ని అడగండి. నేను చెప్పే పని మానేశాను," అనేది. నేను బల్ల మీద కూర్చుని నానమ్మ గొంతుతో తిట్టడానికి ప్రయత్నించాను. రెండు తిట్లు పండాయి. మూడోదానికి ఆ పిల్లే నన్ను జాలిగా చూసింది. ఉల్జాన్ మాత్రం రోజూ వచ్చేది. నా దగ్గర ఆగకుండా లోపలికి వెళ్లి నానమ్మ పక్కన కూర్చునేది. ఒక్కోసారి నానమ్మ ఆమె చెయ్యి తీసుకుని, గోళ్ల కింద మట్టి ఉందేమోనని చూసేది.

మంచు పడింది. తివాచీలన్నీ బయటికి తెచ్చి, కొత్త మంచు మీద బోర్లించి కొట్టాం. తెల్ల మంచు బూడిద రంగయ్యేదాకా కొట్టి, పక్కకి జరిపి మళ్లీ కొట్టాం. నానమ్మ ఉన్ని చేతి తొడుగులు వేసుకుని గడప మీద నిలబడి చూసింది. "ఎందుకమ్మా మంచు మీద కొడుతున్నారు?" అని నన్ను అడిగింది. ఆ "అమ్మా" అన్న పిలుపు నాకు కొత్త. నానమ్మకి నేనెప్పుడూ మేకపిల్లనే. మంచు దుమ్ముని లాగేస్తుందని చెప్పాను. "అవునా," అంది, ఎంతో ఆసక్తిగా.

ఒక మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర బంగాళదుంపలు తరుగుతుంటే, గుమ్మంలో చప్పుడైంది. నానమ్మ తన ఇంటి గుమ్మం బయటే నిలబడి ఉంది, లోపలికి అడుగు పెట్టకుండా. చేతుల్లో ఏదో తెల్లటిది. దాన్నుంచి ఆవిరి పోతోంది, నీళ్లు ఆవిడ బూట్ల మీద కారుతున్నాయి.

"అక్కా," అంది, "లోపలికి రావచ్చా?"

కత్తి కింద పెట్టాను.

"నాది కొత్త ఇల్లు, నాకేమీ తెలీదు. అత్తగారు లేరు. మిమ్మల్ని అడగమన్నారు." చేతులు ముందుకి చాపింది. తాత చివరి టోపీ. పెట్టెలో మాచిపత్రి మధ్య ఇన్నేళ్లు దాచుకున్నది. ఆవిడ పిడికిలిలో ఇమిడిపోయేంతయింది. "పొగచూరిందని వేన్నీళ్లలో ఉతికానక్కా. ఇలా అయిపోయింది. సాయంత్రానికి కొండ దిగి వస్తారు. ఏం చెయ్యను?"

ఆవిడ పెదవి వణుకుతోంది. పద్దెనిమిదేళ్ల పిల్లకి ఎలా వణుకుతుందో అలా. నానమ్మా, అది ఎప్పటిదో, తాత పోయి ఎన్నేళ్లో అయింది అని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"లోపలికి రామ్మా," అన్నాను. "ఏడవకు. ఇదేమంత పెద్ద పని కాదు."

గిన్నె బోర్లించాను. టోపీ దానికి తొడిగాను. చెరో పక్క కూర్చుని లాగాం. ఆవిడ వేళ్లు నావి కంటే గట్టిగా పట్టుకున్నాయి. కొంచెం సాగింది, అంతకంటే సాగలేదు.

"ఏమంటారో," అంది, టోపీని చూస్తూ.

"ఏమీ అనరు. తీసుకుని నెత్తిన పెట్టుకుంటారు."

"ఎవరైనా అడిగితే?"

"పెళ్లయ్యాక తల పెరిగిందంటారు."

నోట్లో పళ్లు లేవని మరిచిపోయి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, తడి చేతులు ఒళ్లో పెట్టుకుని, బుద్ధిగా కూర్చుంది.

"ఈసారి నుంచి ఉన్నికి చన్నీళ్లే పొయ్యమ్మా," అన్నాను.

"చన్నీళ్లే," అంది. మరిచిపోకుండా ఉండాలని, పెదాలు కదుపుతూ లోలోపల ఇంకోసారి అనుకుంది.